జపానువారి వేషపుటాటలు – మోటుపనిలోని సొగసు

మా పాఠశాల విద్యార్థులలో సెల్‌ఫోనునందు గాని కంప్యూటరునందు గాని ఆటలాడనివారు నేడు మిక్కిలి యరుదు. తల్లిదండ్రులకు మాత్రము ఆటలన్నియు నొక్క తెగవిగానే తోచుచున్నవి. ఫోనులో ఆట యన్నంతనే వారికి కోపము వచ్చుచున్నది. ఆ కోపమునకు కారణములు లేకపోలేదు. అయినను, పుస్తకములన్నియు నొక్క తెగవి కానట్లే ఆటలును నొక్క తెగవి కావు. వానిలో జపాను దేశమున పెరిగిన యొక తెగను గూర్చియు, ఆ తెగలోను తక్కువ పెట్టుబడితో, కొద్దిమంది చేతిపనిగా, మోటుగా నిర్మింపబడిన ఆటలను గూర్చియు నిచ్చట వ్రాయదలచినాము. తళతళలాడు పెద్ద ఆటలకంటె నీ మోటు ఆటలే యెక్కువగా నాదరింపదగినవని మా యభిప్రాయము. అట్లనుటకు గల హేతువులను చెప్పెదము.

ఈ తెగను ఇంగ్లీషువారు రోల్ ప్లేయింగ్ గేము అందురు. ఆడువాడు వీరుడుగానో, బాటసారిగానో, పల్లెటూరి పిల్లవాడుగానో వేషము ధరించి, ఆ పాత్ర కన్నులతో నొక లోకమును చూచుచు, ఊరూరు తిరిగి, కనబడినవారితో మాటలాడి, కష్టములు పడి, బలము సంపాదించి, కథను కడతేర్చుట దీని స్వరూపము. కావున మేము దీనిని వేషపుటాట యని పిలిచెదము. 1974వ సంవత్సరమున అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆట దీనికి మూలము. ఆ ఆటకు తెర లేదు. బొమ్మలు లేకున్నను జరుగును. కాగితము, పెన్సిలు, పాచికలు, బల్ల చుట్టు కూర్చుండు నలుగురు మిత్రులు ఉన్న చాలును. ఒకడు కథ చెప్పును. తక్కినవారు, నేను తలుపు తెరచెదనని యొకడు, నేను పరుగెత్తెదనని యొకడు పలుకుదురు. ఏమి జరిగెనో పాచికలు తేల్చును. 1981లో అల్టిమా, విజార్డ్రీ అను పేర్లతో ఈ పద్ధతి అమెరికాలోనే కంప్యూటరు నెక్కెను. జపానులో యూజి హోరీ అను యువకుడు వానిని చూచి మోహపడి, తన దేశపు పిల్లలకు సులభముగా నుండునట్లు తానొక ఆటను కల్పించెను. అదియే 1986 మే 27వ తేదిని వెలువడిన డ్రాగన్ క్వెస్ట్.

ఈ డ్రాగన్ క్వెస్ట్ ఎంత యిరుకున పుట్టినదో విద్యార్థులు తెలిసికొనవలెను. ఫామికామ్ అను యంత్రమున పెట్టి యాడు ఆ కేసెట్టులో నున్న చోటు 64 కిలోబైట్లు మాత్రమే. నేడు ఫోనుతో తీసిన యొక ఫోటో రెండు మూడు మెగాబైట్లుండును. అనగా నొక్క ఫోటో పట్టు చోటున అట్టి ఆటలు ముప్పదికి పైగా పట్టును. అంతమాత్రపు చోటులో రాజ్యము, ఊళ్లు, గుహలు, రాక్షసులు, సంగీతము, సంభాషణలు అన్నియు నిమడవలెను. జపాను లిపులలో కటకానా యనునది యొకటి. దానిలో నలుబదికి పైగా నక్షరములున్నవి. అన్నింటి రూపములను ఉంచుటకు చోటు చాలక, హోరీ ఇంచుమించు ఇరువది యక్షరములను మాత్రము నిలుపుకొని, రాక్షసుల పేర్లు మొదలైనవి ఆ యిరువదింటితోనే కూర్చెను. మన యక్షరమాలనుండి సగము తొలగించి, మిగిలిన సగముతో నొక కథ వ్రాయుడని తొమ్మిదవ తరగతికి చెప్పినయెడల నెట్లుండునో ఊహించుకొనుడు.

ఇంకను వినుడు. ఆ ఆటలోని కథానాయకుని బొమ్మ యెల్లప్పుడును మనవైపే మొగము పెట్టియుండును. ప్రక్కకు నడచినను, పైకి నడచినను మొగము త్రిప్పడు, పీతవలె నడచును. ప్రక్కమొగపు బొమ్మలకు చోటు లేకపోవుటయే దీనికి కారణము. అందుచేత నెవరితోనైన మాటలాడవలెనన్నచో, తూర్పా, పడమరా, ఉత్తరమా, దక్షిణమా యని దిక్కును మనమే యెన్నుకొని చెప్పవలెను. నేటి ఆట రేపు కొనసాగించుటకు యంత్రమునకు జ్ఞాపకశక్తి లేదు. ఆటలోని రాజు ఇరువది యక్షరముల మంత్రము నొకదానిని చెప్పును. పిల్లలు దానిని నోటుపుస్తకమున వ్రాసికొని, మరునాడు తప్పులేకుండ తిరిగి యెక్కింపవలెను. ఒక్క యక్షరము తప్పినను చెల్లదు. (అక్షరదోషములకు వెంటనే యింతటి శిక్ష విధించు సాధనము మా చేతిలో లేకపోయెనే యని ఉపాధ్యాయులమైన మాకు కొంచెము అసూయ కలుగుచున్నది.)

ఇన్నింటిని తగ్గించినవారు రెండింటిని మాత్రము తగ్గింపలేదు. సంగీతమునకు అప్పటికే పేరుగాంచిన కోయిచి సుగియామాను పిలిచిరి. రాక్షసుల బొమ్మలకు డ్రాగన్ బాల్ చిత్రకథల కర్తయైన అకిరా తోరియామాను పిలిచిరి. ఆ యంత్రము ఒక్కసారి పలికింపగల స్వరములు మూడు నాలుగే. సుగియామా ఆ మూడు నాలుగింటితో కట్టిన బాణీలను తరువాత పూర్తి వాద్యబృందములు సభలలో వాయించినవి. హోరీ స్లైమ్ అను చిన్న రాక్షసుని బురదముద్దవలె గీచి యియ్యగా, తోరియామా దానిని నవ్వుమొగము గల నీటిబొట్టుగా మార్చెను. సుగియామా 2021లోను, తోరియామా 2024లోను గతించిరి. ఆ నీటిబొట్టు బొమ్మను మాత్రము జపాను పిల్లలు నేటికిని గుర్తుపట్టుదురు.

మా వాదమంతయు నిక్కడనే యున్నది. చేతిలో ధనము లేనివాడు అన్నింటిమీద వెచ్చింపలేడు. దేనిమీద వెచ్చింపవలెను, దేనిని వదలివేయవలెను అని యతడు నిర్ణయింపక తప్పదు. అతడు వదలినదానిని చూచువాడు తన మనస్సుతో పూరించుకొనును. అతడు వదలనిదానిని చూచి అతనికేది ప్రీతియో మనము తెలిసికొందుము.

దీనిని గ్రహించుటకు విద్యార్థులు జపాను వరకు పోనక్కరలేదు. వేషము కట్టి కథ నడుపు విద్య మన తెలంగాణములో తరతరములుగా నున్నది. చిందు భాగవతమును చూచినవారికి మేము చెప్పునది వెంటనే తెలియును. రంగస్థలము ఊరి నడుమనున్న ఖాళీనేల. మేళమన, నొక హార్మోనియము, మద్దెల, తాళములు. కిరీటమును, భుజకీర్తులును తేలికైన పొనికి కర్రతో చెక్కి రంగులు వేసినవి. అరణ్యము కావలెనన్నచో అరణ్యమని పాడుదురు. అంతట అది అరణ్యమగును. సభ యని పాడిన, ఆ నేలయే సభ. పర్వతమునకు గాని సముద్రమునకు గాని వారు కాసు ఖర్చుపెట్టరు. ఖర్చంతయు కిరీటముమీదను, గొంతుమీదను, అడుగుమీదను. నిజామాబాదు ప్రాంతమున పేరుపొంది 2005లో గతించిన చిందు ఎల్లమ్మగారు స్త్రీయై యుండియు పురుషపాత్రలను ధరించి మెప్పించిరి. జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యగారికి భారత ప్రభుత్వము 2024లో పద్మశ్రీ నిచ్చినది.

దీని కెదుట 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామమున నారంభమైన సురభివారి నాటకములను ఉంచి చూడుడు. రంగురంగుల తెరలు, ఆకాశమున నెగురు పాత్రలు, కన్నుమూసి తెరచునంతలో మారు దృశ్యములు వారి ప్రత్యేకత. ఇంకను దగ్గరకు వచ్చినచో, మా ఇబ్రహీంపట్నమునకు సమీపముననే, మా రంగారెడ్డి జిల్లాలోనే, 1996లో నెలకొన్న రామోజీ ఫిల్మ్ సిటీ కలదు. బాహుబలి చిత్రము కొరకు నొక రాజ్యమునే అచ్చట కట్టిరి. ఈ పనులు తక్కువవని మేము చెప్పము. సురభివారి మాయలను చూచి చప్పట్లు కొట్టనివాడెవడు? కాని సినిమాలో అరణ్యమును మనకు చూపుదురు. చిందులో మనమే దానిని కల్పించుకొందుము. ఒకచోట మనము ప్రేక్షకులము, మరియొకచోట పనిలో భాగస్వాములము. వేషపుటాటలో ఆడువాడే వేషధారి గనుక నీ భేదము మరింత లోతుగా పనిచేయును.

జపానువారి ఆటలును కాలక్రమమున సినిమా దారి పట్టినవి. 1987లో ఆరంభమైన ఫైనల్ ఫాంటసీ వరుసలో ఏడవది 1997 జనవరి 31వ తేదిని వచ్చెను. మూడు సీడీలు నిండిన ఆట అది. నూరుమందికి పైగా పనిచేసిరి. చలనచిత్రమువంటి దృశ్యములు చేర్చిరి. అది మంచి కథయే. అటుతరువాత పెద్ద ఆటల వ్యయము ఏటేట పెరిగినది. కోట్ల కొలది వెచ్చించినవాడు లక్షల మందికి నచ్చునదే చేయవలెను గాని తనకు తోచినది చేయుటకు భయపడును. ఇది సహజము. దానికి మేమెవరిని నిందింపము.

నిందింపవలసినది వేరొకటి కలదు. ఫోనులో ఉచితముగా దొరకు నిగనిగలాడు ఆటలలో ననేకము లాటరీ పద్ధతిమీద నడచుచున్నవి. జపానులో నాణెము వేసి పిడి త్రిప్పినచో నొక బొమ్మనిచ్చు చిన్న యంత్రములుండును. ఏ బొమ్మ వచ్చునో ముందు తెలియదు. ఆ యంత్రము పేరుమీదుగా నీ పద్ధతికి గాచా యని పేరు వచ్చినది. మంచి వీరుడు కావలెనన్నచో రూపాయలిచ్చి పెట్టె తెరవవలెను. పెట్టెలో నేమున్నదో తెరచిన తరువాతనే తెలియును. ఇందలి యొక రకమును జపాను ప్రభుత్వమే 2012లో చట్టవిరుద్ధమని తేల్చెను. తక్కిన రకములు సాగుచునే యున్నవి. గడచిన సంవత్సరము ఒక విద్యార్థి తండ్రి మా యొద్దకు వచ్చి, విత్తనములకని ఖాతాలో నుంచుకొన్న సొమ్ములో మూడువేల రూపాయలు ఇట్టి పెట్టెలలో పోయినవని తల వంచుకొని చెప్పెను. పిల్లవానికి వచ్చిన వీరుడు వాడు కోరినవాడు కూడ కాడట. ఇట్టి ఆటలకు ముగింపు ఉండదు. ముగిసినచో పెట్టెలు అమ్ముడుపోవు గనుక, అది ముగియకుండుటకే నిర్మింపబడినది.

మేము చెప్పు మోటు ఆటలను ఒక్కమారు కొన్న చాలును. కొన్ని ఉచితముగానే దొరకును. వానికి ముగింపు కలదు. ఇరువది ముప్పది గంటలలోనో, ఇంకను ఎక్కువలోనో కథ సమాప్తమగును. పిల్లవాడు దానిని మూసి, యింకొక పనికి పోవును. తల్లిదండ్రులు ఈ యొక్క భేదమును గుర్తించినను మేము సంతోషింతుము.

ఇక కొన్నిటిని పేర్కొనెదము. 1989లో వెలువడిన మదర్ అను ఆటను కల్పించిన షిగెసాటో ఇటోయి వ్యాపార ప్రకటనలకు వాక్యములు వ్రాయు వృత్తిలో పేరుపొందినవాడు. అతని ఆటలో కత్తి పట్టిన వీరుడు లేడు. బేస్‌బాల్ కర్ర చేతబట్టిన బాలుడు కలడు. 1994లో వచ్చిన దాని రెండవ భాగమున బొమ్మలు చిన్నపిల్లలు గీచినట్లుండును. ఆ కాలమునకే అవి వెనుకబడినవని కొందరనిరి. కాని ఆ ఆటలో ఆడినంతవరకు నిలువచేయవలెనన్నచో బాలుడు తన తండ్రికి టెలిఫోను చేయవలెను. తండ్రి ఆటలో నెన్నడును కంటబడడు. ఫోనులోని మాట మాత్రమే. ఇల్లు విడిచి చాలకాలమైనచో ఆ బాలునకు ఇంటిబెంగ పట్టుకొనును. అప్పుడు యుద్ధమున వానికి చేతులాడవు. అమ్మకు ఫోను చేసి మాటలాడినగాని ఆ బెంగ తగ్గదు. మా హాస్టలు విద్యార్థులకు దీని సంగతి వివరింపనక్కరలేదు. ఎన్ని కోట్లు వెచ్చించి కోటలు కట్టినను ఇట్టి యూహ కొనుటకు దొరకదు; దీనికి కావలసిన చోటు నాలుగు వాక్యములే.

నిహోన్ ఫాల్కమ్ అనునది 1981లో స్థాపింపబడిన చిన్న సంస్థ. వారు 2004లో ట్రెయిల్స్ ఇన్ ది స్కై యను ఆటను వెలువరించిరి. పెద్ద సంస్థల ఆటల ప్రక్కన నిలిపినచో దాని బొమ్మలు పొట్టివి, పాతకాలపువి. కాని దానిలోని యొక్కొక్క ఊరిలో రొట్టెలమ్మువాడు, వంతెనమీది కాపలాదారు, బడిపిల్ల, ముసలమ్మ – అందరికిని పేర్లున్నవి. అందరికిని సొంత చింతలున్నవి. కథ యొక మెట్టు జరిగినంతనే వారి మాటలు మారును. నిన్న అలిగిన పిల్ల నేడు రాజీపడియుండును; ఊరికి పోయిన కొడుకు తిరిగి వచ్చియుండును. ఎవరును చెప్పకున్నను, తిరిగి పోయి పలుకరించినవానికి మాత్రమే అవి వినబడును. పెద్ద ఆటలలో జనము గుంపులుగా నడచుచుందురు. బట్టల మడతలు సైతము కనబడును. కాని పలుకరించినచో చాలమంది పలుకరు. ఫాల్కమ్‌వారు తమ కొద్ది ధనమును మాటలమీద పెట్టిరి. ఎంత పెట్టిరనగా, 2006లో జపానులో వచ్చిన రెండవ భాగము ఇంగ్లీషులోనికి పూర్తిగా మారి వెలువడుసరికి 2015 అయ్యెను. మొదటి భాగమును వారే 2025లో క్రొత్త బొమ్మలతో మరల నిర్మించిరి. చూచుటకు సొగసుగానే యున్నది. క్రొత్తవారు దానితోనే యారంభింపవచ్చును. మాకు మాత్రము పాతదే ప్రియము.

భూగోళము బోధించువారమగుటచే మరియొక ఆటను వదలలేకున్నాము. 2007లో అట్లస్‌వారు వెలువరించిన ఎట్రియన్ ఒడిస్సీలో పటము ముందుగా గీచియుండదు. రెండు తెరలు గల నింటెండో డీఎస్ అను యంత్రముమీద, పై తెరలో నడచుచు, క్రింది తెరమీద చిన్న పుల్లవంటి కలముతో గోడలు, తలుపులు, నీళ్లు, మలుపులు ఆడువాడే గీచుకొనవలెను. తప్పుగా గీచినవాడు దారి తప్పును. తక్కిన ఆటలలో బాణపు గుర్తొకటి ముందు నడచి దారి చూపుచుండును. పిల్లవాడు దాని వెంట పోయి, తానెక్కడనుండి వచ్చెనో చెప్పలేడు.

1992 మొదలు ఆర్‌పీజీ మేకర్ అను సాధనము జపానులో దొరకుచున్నది. ప్రోగ్రాము వ్రాయుట రానివారును దీనితో సొంతముగా వేషపుటాట కట్టవచ్చును. 2004లో కికియామా అను పేరుతో నొక వ్యక్తి దీనితో యుమె నిక్కి, అనగా కలల దినచర్య, అను ఆటను కట్టి ఉచితముగా నిచ్చివేసెను. ఆ వ్యక్తి యెవరో లోకమునకు నేటికిని తెలియదు. గది విడిచి రాని యొక బాలిక కలలలో తిరుగుటయే దాని కథ. అది పెద్దవారికి తగినది. మా విద్యార్థులకు మేము దానిని సిఫారసు చేయము. ఈ మార్గము జపాను దాటియు పోయెను. మదర్ ఆటను ప్రేమించి పెరిగిన టోబీ ఫాక్స్ అను అమెరికా యువకుడు 2013లో చందాలుగా 51,000 డాలర్లకు పైగా సేకరించి, ఇంచుమించు ఒంటరిగా శ్రమించి, 2015లో అండర్‌టేల్ అను ఆటను వెలువరించెను. ఎదుటి ప్రాణిని చంపక, మాటలతో మచ్చిక చేసికొని విడిచిపెట్టుచు ఆ ఆటను ముగింపవచ్చును. యుద్ధములలోని బొమ్మలు చాలవరకు నలుపుతెలుపుల గీతలే. లోకమంతట లక్షలమంది దానిని ఆడిరి.

మోటుగా నున్నదంతయు మంచిదని యెవరును భ్రమపడవలదు. ఆర్‌పీజీ మేకర్‌తో కట్టిన వానిలో అధికభాగము సాధనముతో వచ్చిన తయారుబొమ్మలను అతికించి, నాలుగు యుద్ధములు చేర్చి విడిచినవే. వానిలో నేదియు తగ్గింపలేదు, ఏలయనగా నేదియు కోరలేదు. మంచిదానిని గుర్తించుటకు మాకొక చిట్కా తెలియును. మొదటి ఊరిలో ముగ్గురిని పలుకరింపుడు. ముగ్గురును దారి మాత్రమే చెప్పినచో ఆటను మూసివేయుడు. ఒక్కడైనను తన యింటి సంగతి చెప్పినచో రెండవ ఊరివరకు పోయి చూడవచ్చును. ఈ ఆటలు జపాను భాషలోనో ఇంగ్లీషులోనో యుండును గనుక చదువవలసినది విస్తారము. నిఘంటువు ప్రక్కన నుంచుకొని, శనివారము మధ్యాహ్నము గంట రెండు గంటలకు మించకుండ ఆడినచో ఇంగ్లీషు పాఠమునకు చెరుపు చేయదని మా యనుభవము.

యంత్రము లేనివారు కూడ దీని రుచి చూడవచ్చును. ఫామికామ్ తెరమీద అడ్డముగా 16, నిలువుగా 15 గళ్లు పట్టును. ఈ సంవత్సరము ఎనిమిదవ తరగతివారికి అదే లెక్కతో గ్రాఫు కాగితము, నాలుగు రంగులు ఇచ్చి, మా ఇబ్రహీంపట్నమును ఆటలోని ఊరుగా గీచి, అందు నిలుచు ముగ్గురు మనుష్యులకు ఇరువదేసి యక్షరములకు మించని మాటలు వ్రాయుడని చెప్పితిమి. కొందరు బస్టాండును గీచిరి. కొందరు మిషను బంగళాను గీచిరి. పెద్ద చెరువు అందరి కాగితములందును నీలపు గళ్లుగా నున్నది. ఒక బాలిక ఊరినంతను తొమ్మిది గళ్లలో కుదించి, మిగిలినదంతయు చెరువునకును కట్టకును కేటాయించినది. తూము ప్రక్కన నొక ముసలివానిని నిలిపినది. నీళ్లు ఎప్పుడు వదలుదురని అడిగినచో, వాడు మనుమరాలి పెండ్లి సంగతి చెప్పును. ఆ కాగితములన్నియు గ్రంథాలయపు గోడకు అంటింపబడినవి. వార్షికోత్సవమునకు వచ్చు తల్లిదండ్రులు చూడవచ్చును.